పురట్టాసిలో పొగగొట్టం

మా అత్తగారింటి వంటగదికి కిటికీ లేదు. మరిచిపోయి కాదు, ఉండకూడదని పట్టుబట్టి కట్టారు. కోవిల్‌పట్టిలో ఈ ఇల్లు లేచే రోజుల్లో మా మామ పెరుమాళ్సామి కళుగుమలై దగ్గరి పొలం కౌలుకిచ్చేసి, గొడుగు వేసుకుని నిలబడి ప్రతి ఇటుకనూ తానే పెట్టించాడట. పొయ్యి ఆగ్నేయం మూల ఉండాలన్నారు, పెట్టించాడు. ఆ మూలకు తూర్పున రంగసామి చిన్నమామ వాళ్ల గోడ అంటుకుని ఉంది కాబట్టి అటు కిటికీ కుదరదు. దక్షిణాన సందు ఉంది, బంగారంలాంటి గాలి వస్తుంది. కానీ దక్షిణం యముడి దిక్కు, అటు కంత పెడితే ఆయన నేరుగా లోపలికి వచ్చేస్తాడని వాస్తు చూసిన పెద్దమనిషి చెప్పాడు. యముడు రాలేదు సరే, గాలీ రాలేదు. వాస్తు చూసినాయన గానీ మామ గానీ ఆ గదిలో నిలబడి ఒక్క ఎండుమిరపకాయ వేయించి చూసిన పాపాన పోలేదు. వంటగదిలో వంట కూడా చేస్తారన్న సంగతి వాళ్ల లెక్కలోనే లేదు.

నా పేరు ప్రియ. పుట్టిల్లు విరుదునగర్. శివకాశిలో క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో డిజైన్ పని చేస్తాను. రోజంతా దేవుళ్ల తలల వెనక వెలుగులు దిద్ది, సాయంత్రం కంపెనీ వ్యానులో ఇల్లు చేరి, ఆ చీకటి గుహలో దూరాలి. తాళింపు పడిందంటే పొగ పైకి లేచి, పోవడానికి దారి లేక, తిరిగి మా ముఖాల మీదికే దిగుతుంది. మా అత్త సుబ్బమ్మాళ్ చీర కొంగు ముక్కుకూ నోటికీ చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి వండుతుంది. హాల్లో టీవీ ముందు కూర్చున్న మామకు ఆ పొగ చేరేసరికి ఘాటు తగ్గి కమ్మటి వాసన మిగులుతుంది. "ఆహా, ఏం తాళింపు!" అని అక్కడినుంచే మెచ్చుకుంటాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

పోయిన చలికాలం అత్తకు దగ్గు పట్టుకుని వదల్లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి, అది వెలుతురుకు పట్టి చూసి, "అమ్మా, మీరు బీడీ తాగుతారా?" అని అడిగాడు. మామకు అది పెద్ద హాస్యమైపోయింది. వచ్చిన ప్రతి చుట్టానికీ, "మా ఇంటామె బీడీ తాగతాదంట!" అని చెప్పి నవ్వడమే నవ్వడం. అత్త కూడా నవ్వేది, నవ్వుతూ దగ్గేది. ఆ ఫోటో నేనూ చూశాను. నాకు నవ్వు రాలేదు. ఈ పొగ ఇలాగే ఉంటే మా అత్త ఎక్కువ కాలం ఉండదని ఆ రోజే నాకు భయం పట్టుకుంది.

అప్పటినుంచి చిమ్నీ కోసం పోరు మొదలుపెట్టాను. మా ఆయన హరికృష్ణన్ స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. మంచివాడే. నేను చెప్పినప్పుడు నాకు తల ఊపుతాడు, వాళ్ల నాయన చెప్పినప్పుడు ఆయనకు తల ఊపుతాడు. ఆయన తలను నమ్ముకుంటే పని కాదని నేనే విరుదునగర్ వెళ్లి, బజారులో నాలుగు కొట్లు తిరిగి ఒక చిమ్నీ కొని ఆటోలో దింపించాను. ఇంటికి వచ్చిన వస్తువును వెనక్కి పంపడం మామకు పరువు తక్కువ. అందుకని ఒక షరతు పెట్టాడు.

"సరేమ్మా, ఓట్టై కొట్టించుకో. కానీ మన తెరువులో ఎవరన్నా వచ్చి ఒక్క మాటన్నా, మరునాడే మూయించేస్తా. అప్పురం ఏడ్చి లాబం లేదు."

ఓట్టై అంటే కంత. తెరువంటే వీధి. అప్పురం అంటే తర్వాత. మా ఇళ్లలో తెలుగు ఇలాగే ఉంటుంది, సగం తమిళం కలిసి.

మేస్త్రి పాల్‌పాండి వచ్చి దక్షిణం గోడకు పళ్లెమంత కంత కొట్టి గొట్టం బిగించాడు. మొదటిరోజు సాయంత్రం అత్త భయపడుతూనే మూకుట్లో ఆవాలు, మిరపకాయలు వేసింది. పొగ లేచింది. లేచిన పొగ లేచినట్టే పైకి పోయి మాయమైంది. అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ప్రియా, ఇట్ల రావే. నా కొంగు సూడు. బుజం మిందనే ఉండాది" అంది.

నేను ఏడ్చేశాను. ఏడిస్తే ఏం, ఆ వంటగదిలో పొగ లేకుండా ఏడవడం అదే మొదటిసారి.

ఇక పురట్టాసి నెల వచ్చింది. అది పెరుమాళ్లు, అంటే వెంకటేశ్వరస్వామి నెల. మా వీధి వీధంతా ఆ నెల చేప, మాంసం, గుడ్డు ముట్టరు. సందుకు అవతలే భజన మఠం. శనివారం తెల్లవారగానే మగవాళ్లంతా నామాలు పెట్టుకుని వీధి చుట్టి వస్తారు. అందరికంటే ముందు, అందరికంటే పొడుగు నామంతో, తంబుర మీటుతూ మా మామ. ఆ నెలంతా ఆయన నడక కూడా మారిపోతుంది. వీధిలో పిల్లలు దారి ఇచ్చి నిలబడతారు. ఏళ్ల తరబడి ఆ ముందు చోటు ఆయనదే, ఆయన దాన్ని ప్రాణంకంటే ఎక్కువగా చూసుకుంటాడు.

అంత భక్తుడికి ఒక బలహీనత ఉంది, కరువాడు. అంటే ఎండుచేప. మామూలు నెలల్లో అది లేనిదే ముద్ద దిగదు.

రెండో వారంలో ఒకరోజు ఆయన వంటగది గడప దాకా వచ్చి నిలబడ్డాడు. రావడమే విశేషం.

"ఏమ్మా, ఈ మిసను పొగ మట్టుమే లాగతాదా, వాసనె గుడా లాగతాదా?"

"వాసన కూడా లాగుతుంది మామా. ఇంట్లో ఇంతైనా మిగలదు."

"ఏ వాసనె అయినానా?"

"ఏదైనా."

"మీను అయినా?"

"పురట్టాసిలో చేప మాట ఎందుకు మామా?"

"సుమ్మా, ఊరికే అడిగితిని" అని వెళ్లిపోయాడు. నేను పెంచి పెంచి చెప్పుకున్న చిమ్నీ గొప్పలన్నీ మా మామ నమ్మాడని ఆ పూట మురిసిపోయాను. నాకెంత తెలివి!

ఆ శుక్రవారం అత్త విరుదునగర్ వెళ్లింది, మోకాలి ఆపరేషన్ అయిన వాళ్ల చెల్లెలు ముత్తమ్మాళ్‌ను చూడడానికి. మా ఆయన మిల్లులో, నేను శివకాశిలో. ఇంట్లో మామ ఒక్కడే. నేను సాయంత్రం వ్యాను దిగి, టిఫిన్ క్యారేజీ ఊపుకుంటూ సందులోకి మళ్లేసరికి భజన మఠం ముందు పెద్దలంతా గుంపుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో తాళాలు ఉన్నాయి గానీ మోగడం లేదు. అందరి ముక్కులూ ఆకాశంకేసి ఉన్నాయి.

"నెత్తిలి కరువాడు" అన్నాడొకాయన.

"నెత్తిలికి ఇంత గాటు యాడిది?" అన్నాడు రంగసామి చిన్నమామ. ఈయన మామకు పెదనాన్న కొడుకు, భజనలో మామ తర్వాతి వరస. కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. "ఇది సీలా కరువాడు. నల్లెన్నెలో ఏపినారు. వెల్లుల్లి గుడా దంచి ఏసినారు. కడాసిలో కరివేపాకు..." గుటక వేశాడు. అప్పుడు గుర్తుకొచ్చింది కాబోలు, "సీ సీ! పురట్టాసిలో ఏం గోరం ఇది!" అని రెండు చెవులూ ముట్టుకున్నాడు.

మిగతావాళ్లూ చెవులు ముట్టుకున్నారు. ముక్కులు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

వాసన వెంట నడుచుకుంటూ వచ్చి అందరూ మా గోడ దగ్గర ఆగారు. పైన మా గొట్టం ఇంకా భుస్సుమని ఊదుతోంది. చిమ్నీ ఆపడం కూడా మరిచిపోయాడన్నమాట లోపలి మనిషి, కానీ ఆ క్షణం నాకా ఆలోచన రాలేదు. ఎందుకంటే అందరూ నావైపు తిరిగారు.

"నేను ఇప్పుడే గదా వ్యాను దిగితిని" అన్నాను.

"పొద్దన్నే ఏపి పోయింటావు" అన్నాడు చిన్నమామ. "ఆ మిసను దినమంతా లోపల దాసిపెట్టుకుని ఇప్పుడు వదలతా ఉండాది."

ఈ మాటకు ఒక్కరైనా నవ్వుతారని చూశాను. అందరూ గంభీరంగా తలలు ఊపారు. విరుదునగర్ పిల్ల, ఉద్యోగం చేసే పిల్ల, గోడకు కంత కొట్టించిన పిల్ల. ఇంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి?

మామను పిలిచారు. అప్పుడే స్నానం చేసిన తలతో, మల్లెపువ్వులాంటి పంచెతో, తడి ఆరని కొత్త నామంతో బయటికి వచ్చాడు. నిజం చెప్పాలి, ఆయన నా పేరు ఎత్తలేదు. నా ముఖమూ చూడలేదు. గొట్టంకేసి చూసి, "ఈ ఓట్టై వద్దని నేను అప్పుడే సెప్తిని" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట చాలు కదా, నాకు ఉరి బిగించడానికి.

పాల్‌పాండిని పిలిపించారు. అతను గాలి పీల్చి, "వాసన బాగుండాదే అయ్యా!" అన్నాడు. క్రైస్తవుడు, అతనికి పురట్టాసితో పనిలేదు. పెద్దలు కళ్లెర్రజేసేసరికి తల గోక్కుని, "రేపు సనివారం, మీరు పని ఎత్తకూడదంటారు. ఆదివారం నాకు గుడి ఉండాది. సోమవారం వచ్చి సిమెంటు పూస్తా" అని గొట్టం ఊడదీసి, కంతలో ఒక గోనెసంచి కుక్కి, గొట్టం తీసుకుని వెళ్లిపోయాడు.

నేను వంటగదిలోకి వెళ్లాను. నేను చెప్పినట్టే ఇంట్లో వాసన ఇసుమంతైనా లేదు. అంతా శుభ్రంగా ఉంది. అదే మామను పట్టిచ్చింది. గట్టు మీద మా మూకుడు కడిగి బోర్లించి ఉంది. ఈ ఇంట్లో మగవాళ్లు తాగిన గ్లాసు తాగినచోటే వదిలేస్తారు. అలాంటిది ఎవరో పుణ్యాత్ముడు మూకుడు అడుగున ఏళ్లనాటి మసి కూడా మిగలకుండా తోమి తోమి పెట్టాడు. నా ముఖం కనబడుతోంది అందులో. ఆ ముఖం కోపంతో ఎర్రగా ఉంది.

అత్త బస్సు దిగి వచ్చింది. సంచీ దించకుండానే గోనెసంచిని చూసింది, తర్వాత మూకుడును చూసింది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను జరిగిందంతా చెప్పి, "ఇప్పుడే మఠానికి పోయి అందరి ముందరా చెప్తా. నా మీద నింద వేసినా పడతా గానీ కంత మూస్తే ఊరుకోను" అన్నాను.

"రేపు తళిగ మన ఇంట్లో గదా. దేవుడి పని కానియ్యి. అంతదాకా నోరు తెరవొద్దు" అంది అత్త.

తళిగ అంటే పురట్టాసి శనివారం పెరుమాళ్లుకు వండిపెట్టే నైవేద్యం. ప్రతివారం భజన ఒక్కో ఇంట్లో ముగుస్తుంది, అక్కడే అందరికీ ప్రసాదం. ఈ వారం వంతు మాది. అయినా అత్త మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఇన్నేళ్లు పొగ మింగి, చివరికి మొగుడి పరువే ముఖ్యమైందా? ఆమె నా కోపం పట్టించుకోకుండా సంచీ విప్పి, విరుదునగర్ బజారులో కొన్న ఎండుమిరపకాయలు చేటలో పోసి, తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

శనివారం పొద్దున వీధి చుట్టి భజన మా ఇంటికి వచ్చింది. హాలు నిండిపోయింది. నడుమ పెరుమాళ్లు పటం, ముందు మామ తంబురతో, పక్కన రంగసామి చిన్నమామ తాళాలతో, మా ఆయన ఒక మూల తల ఊపుతూ. లోపల మేం పులిహోరకు తాళింపు పెడుతున్నాం. అంతమందికి కావాలి కాబట్టి పెద్ద మూకుడు, ఎక్కువ నూనె. అత్త ఒక గుప్పెడు మిరపకాయలు వేసింది. మళ్లీ ఒక గుప్పెడు. మూడోసారి చేట ఎత్తింది.

"అత్తా! ఎన్ని?"

"పెరుమాళ్లుకు కారం సాలదంట" అని చేట బోర్లించేసి, కొంగు ముక్కుకు బిగించి చుట్టుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సగమే కనబడింది. పొగ కంత దాకా వెళ్లి, గోనెసంచికి తగిలి, కోపంతో వెనక్కి తిరిగి, గదంతా నింపి, గడప దాటి హాల్లోకి నడిచింది. ఈసారి కమ్మగా చల్లబడే టైము దానికి దొరకలేదు. ముందు మృదంగం ఆగింది. తర్వాత తాళాలు. "గోవిందా" అని ఎత్తుకున్నవాళ్లు "గో" దగ్గరే పొలమారి దగ్గుతున్నారు. మామ ఒక్కడే కాసేపు పాడాడు. గట్టి గొంతే. తర్వాత ఆయనా ఆగిపోయాడు. చిన్నమామ నామం చెమటకూ కన్నీళ్లకూ కరిగి గడ్డం మీదికి దిగుతోందని తర్వాత మా ఆయన చెప్పాడు.

నా పని అయిపోయింది. ఊపిరి అందక గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. అత్తకు దగ్గు తెర ముంచుకొచ్చింది, అయినా ఆమె గరిటె వదల్లేదు.

మామ గడప దగ్గరికి వచ్చాడు. వెనకాలే చిన్నమామ, ఇంకో నలుగురు. "ఏం సేస్తా ఉండారు? సాలించండి!" అని గద్దించబోయి ఆయనే దగ్గాడు.

"మిరపకాయ నల్లగయితే ప్రసాదం చెడిపోతాది. ఇట్ల వచ్చి ఒక నిమిసం కలపండి. నేను పిల్లకు నీళ్లిస్తా" అని అత్త గరిటె ఆయన చేతిలో పెట్టింది. దేవుడి ప్రసాదం అంటే కాదనలేక ఆయన లోపలికి వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. రెండుసార్లు కలిపాడో లేదో, గరిటె వదిలి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. చిన్నపిల్లాడిలా అడిగేశాడు.

"ఏమిది ఇట్ల ఉండాది? నిన్న నేను ఏపినప్పుడు కంట్లో ఒక బొట్టు నీళ్లు గుడా రాలేదే!"

గడప దగ్గర దగ్గులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

ఆ పొగలో కూడా ఆయన ముఖం పాలిపోవడం నేను చూశాను. చివరికి రంగసామి చిన్నమామే, నిన్న అంత ఎగిరిన మనిషే, అన్నను కాపాడుకోవాలన్నట్టు మెల్లిగా అందించాడు.

"అప్పళమా అన్నా? అప్పళమే ఏపింటావు గదా?"

అవుననేస్తే చాలు. ఎవరూ నమ్మరు గానీ అందరూ ఒప్పుకునేవాళ్లు. తంబుర ఆయన దగ్గరే ఉండేది, నింద నా దగ్గర ఉండేది, సోమవారం సిమెంటు పడేది. నేను రాత్రంతా పేర్చుకున్న మాటలు గొంతులో ఉన్నాయి, దగ్గు వాటిని బయటికి రానివ్వడం లేదు. మామ కిందికి చూశాడు. నేను నేల మీద ఉన్నాను, అత్త నా వీపు రాస్తూ తానే దగ్గుతోంది.

"అప్పళం కాదు" అన్నాడు. "కరువాడు. నేనే ఏపితిని, నేనే తింటిని. ఆ బిడ్డకు ఏమీ తెలవదు."

మామ భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎంతో జాగ్రత్తగా పెట్టుకున్న నామం చెరిగిపోయి నుదురంతా ఎర్రగా పులుముకుంది. "తంబుర నువ్వు పట్టుకో రంగసామీ. ఈ నెలంతా నేను ముందర రాను" అని, మూలనున్న స్టూలు లాక్కుని ఎక్కి, కంతలోంచి గోనెసంచి లాగేశాడు. పొగ దారి చూసుకుని సందులోకి తోసుకుంటూ పోయింది. ఎండ ఒక గుండ్రటి ముక్కగా లోపలికి వచ్చి పొయ్యి మీద పడింది. "పాల్‌పాండిని పిలవండి. సిమెంటు తేవొద్దనండి. ఆ గొట్టం తెమ్మనండి" అన్నాడు స్టూలు మీదినుంచే.

నాకు సంతోషించాలో జాలిపడాలో తెలియలేదు. ఆయన మీద దాచిపెట్టుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో అంతకంటే తెలియలేదు.

అత్త కొంగు విప్పుకుంది. గట్టు మీదికి ఒరిగి, ఊపిరి నిలదొక్కుకుని, మొగుడికేసి తలెత్తి చూసింది. ఆమె గొంతు పెంచలేదు గానీ హాల్లో చివరి మనిషికి కూడా వినబడింది.

"ఇన్నేండ్లలో ఒక్క దినం ఈ పొయ్యికాడ నిలబడితిరి. అది గుడా దొంగతనానికి. ఆ ఒక్క దినానికే మీకు ఓట్టై కావాల్సి వచ్చె గదా?"

మామ స్టూలు మీదే నిలబడి గోనెసంచిని మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడత పెడుతున్నాడు.